ఇంకా వింగ్ కమాండరేనా?

ప్రశ్న: నేను అనంతపురంలో ఉంటున్న విశ్రాంత ప్రధానోపాధ్యాయుణ్ని. వయసు 72. మా అబ్బాయి కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి, ఎన్‌డీఏ (జాతీయ రక్షణ అకాడమీ) ద్వారా వాయుసేనలో చేరాడు. హెలికాప్టర్ పైలట్. ఇప్పుడు వింగ్ కమాండర్. 21 ఏళ్ల సర్వీసు పూర్తయింది, అస్సాంలో పనిచేస్తున్నాడు. ఈసారి గ్రూప్ కెప్టెన్ పదోన్నతుల జాబితాలో వాడి పేరు రాలేదని కోడలు చెబితే తెలిసింది. వాడు మాత్రం మాతో ఒక్క మాట అనలేదు. ఫోను చేస్తే వాన పడిందా, వేరుశనగ ఎలా ఉంది, అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి అని అడుగుతాడు, అంతే. వాడి వెనుక వచ్చినవాళ్లు పైకి వెళ్లారట. వాడేమైనా తప్పు చేశాడా? మన రాయలసీమ వాళ్లను పైకి రానివ్వరా? ఈ మధ్య ఒక పెళ్లిలో బంధువొకాయన పదిమంది ముందు "ఇంకా వింగ్ కమాండరేనా?" అన్నాడు. నాకు ఆ పూట అన్నం సహించలేదు. మా ఆవిడకు మోకాలి ఆపరేషన్ చేయాలంటున్నారు. రాజీనామా చేసి వచ్చేయమని వాడికి చెబుదామనుకుంటున్నాను. ప్రైవేటు విమాన కంపెనీల్లో మూడింతల జీతం ఇస్తారట కదా. చెప్పమంటారా?

సమాధానం:

హెడ్మాస్టరు గారూ,

చెప్పకండి. కనీసం ఈ సంవత్సరం చెప్పకండి.

నేనూ కొంతకాలం ఆ నీలం యూనిఫారం వేసుకున్నవాడినే. ఎగిరే శాఖలో కాదు, నేల మీద పనిచేసే శాఖలో. పదోన్నతుల జాబితా వచ్చిన వారంలో మెస్సులో మాటలు ఎలా తగ్గిపోతాయో చూశాను. పేరు వచ్చినవాడు గట్టిగా నవ్వడానికి మొహమాటపడతాడు. రానివాడు అందరికంటే ముందు వెళ్లి చేయి కలిపి అభినందించి, కాసేపు కూర్చుని, ఏదో పని గుర్తొచ్చినట్టు లేచిపోతాడు. మీ అబ్బాయి ఇప్పుడు ఆ తర్వాతి నెలల్లో ఉన్నాడు. ఇలాంటి సమయంలో ఇంటి నుంచి ఏ సలహా వచ్చినా అది తీర్పులాగే వినిపిస్తుంది. "వచ్చేయరా" అని మీరు ప్రేమతో అన్నా, "నువ్వు ఓడిపోయావని మాకూ అర్థమైంది" అనే అతనికి చేరుతుంది.

తప్పు చేశాడా అని అడిగారు. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టిన ప్రశ్న ఇదే. మీ వృత్తిలో పదోన్నతి చాలావరకు సీనియారిటీ జాబితాను బట్టి వస్తుంది. ఖాళీ వచ్చేదాకా ఆగాలి, వచ్చాక వరుసలో ముందున్నవారు వెళ్తారు. అందుకే "వెనుక వచ్చినవాళ్లు ముందుకు వెళ్లారు" అనే మాట మీ చెవికి నేరారోపణలా తగులుతోంది. వాయుసేనలో ఆ పద్ధతి సగం దారి వరకే. 56,100 రూపాయల మూల వేతనంతో ఫ్లయింగ్ ఆఫీసర్‌గా చేరినవాడు 2 ఏళ్లకు ఫ్లైట్ లెఫ్టినెంట్, 6 ఏళ్లకు స్క్వాడ్రన్ లీడర్, 13 ఏళ్లకు వింగ్ కమాండర్ అవుతాడు. పెట్టిన పరీక్షలు పాసై, ఆరోగ్యం నిలుపుకొని, నడవడిలో మచ్చ లేకుండా ఉంటే అక్కడిదాకా కాలమే చేరుస్తుంది. మీవాడు అలా చేరినవాడే. భుజం మీద ఉన్న మూడు పట్టీలు ఈ దశలోనే నాలుగు కావాలంటే మాత్రం కాలం చాలదు. గ్రూప్ కెప్టెన్ నుంచి మొదలయ్యేది ఎంపిక. బోర్డు కూర్చుంటుంది. ఏళ్ల తరబడి పై అధికారులు రాసిన మదింపు నివేదికలు, చేసిన కోర్సులు, నిర్వహించిన బాధ్యతలు, వైద్య పరీక్షల్లో ఉన్న శ్రేణి, అన్నీ చూస్తారు. ఆ తర్వాత ఎన్ని ఖాళీలుంటే అన్ని పేర్లే తీసుకుంటారు. గీతకు ఈవల ఆగిపోయినవారికీ ఆవల పడినవారికీ మధ్య తేడా చాలాసార్లు వెంట్రుకవాసి. ఎప్పుడో ఒక స్టేషన్‌లో ఒక పై అధికారి చేతి పొదుపుతో వేసిన ఒక అంకె కూడా ఆ తేడాకు కారణం కావచ్చు. ముప్పై ఏళ్లు జవాబు పత్రాలు దిద్దిన మీకు ఒక్క మార్కు సంగతి నేను చెప్పాలా?

ఇక పైన ఉన్న కుర్చీలెన్నో చూడండి. గ్రూప్ కెప్టెన్ మీద ఎయిర్ కమోడోర్, ఆ పైన ఎయిర్ వైస్ మార్షల్, ఎయిర్ మార్షల్, అన్నిటికీ మీద ఒకే ఒక్క ఎయిర్ చీఫ్ మార్షల్. దేశం మొత్తానికి వాయుసేన కమాండ్లు ఏడు. ఢిల్లీ, గాంధీనగర్, ప్రయాగ్‌రాజ్, షిల్లాంగ్, తిరువనంతపురంలో పోరాటానికి సంబంధించినవి ఐదు, బెంగళూరులో శిక్షణకు ఒకటి, నాగ్‌పూర్‌లో నిర్వహణకు ఒకటి. ఒక్కో కమాండ్‌కు ఒక్కరే అధిపతి. దుండిగల్ అకాడమీలో మీ అబ్బాయి పరేడ్ చూడటానికి మీరిద్దరూ వెళ్లే ఉంటారు. ఆరోజు ఆ మైదానంలో అడుగులో అడుగు వేసిన కుర్రాళ్లలో చాలామంది ఎక్కడో ఒక మెట్టు దగ్గర ఆగక తప్పదు. కొందరు వింగ్ కమాండర్ దగ్గర ఆగుతారు, కొందరు ఎయిర్ కమోడోర్ దగ్గర. ఎయిర్ వైస్ మార్షల్‌గా దిగిపోయినవాడికీ ఆ పై మెట్టు దక్కలేదన్న బాధ ఉంటుంది, నమ్మండి. అలాంటి ఒకాయన దగ్గర నేను పనిచేశాను. పరమ చిరాకు మనిషి.

ఒక్క బోర్డుతో అంతా ముగిసిపోదు కూడా. తర్వాతి బోర్డుల ముందుకూ పేరు వెళ్లే అవకాశం ఉంటుంది. అతని విషయంలో ఇంకా ఎన్ని మిగిలాయో అతనికి తెలుసు. అవీ దాటిపోయినా 26 ఏళ్ల సర్వీసుకు, ఎంపికతో పనిలేకుండా, కాలపరిమితి ప్రకారం గ్రూప్ కెప్టెన్ హోదా ఇస్తారు. డబ్బు లెక్క కూడా చెబుతాను, ఎందుకంటే పెళ్లిళ్లలో మాట్లాడేవారికి ఇది తెలియదు. ఏడో వేతన సంఘం పట్టికలో వింగ్ కమాండర్ మూల వేతనం 1,21,200 రూపాయల దగ్గర మొదలవుతుంది, గ్రూప్ కెప్టెన్‌ది 1,30,600 దగ్గర. నెలకు 15,500 సైనిక సేవా వేతనం ఇద్దరికీ ఒకటే. కాబట్టి మీ అబ్బాయి పోగొట్టుకున్నది జీతం కాదు. తనకంటే చిన్నవాడికి రేపు తనే ముందు సెల్యూట్ చేయాల్సి వస్తుంది, అసలు నొప్పి అది. దాన్ని తక్కువ చేసి మాట్లాడకండి. "పోనీలేరా, జీతం తగ్గలేదుగా" అనే ఓదార్పు అస్సలు వద్దు.

రాయలసీమ వాళ్లను రానివ్వరా అన్నారు. కోపంలో అన్న మాటగానే తీసుకుంటాను. మహిళల్లో తొలి ఎయిర్ మార్షల్ పద్మా బందోపాధ్యాయ పుట్టింది తిరుపతిలో, 1944లో. ఆమె వైద్యురాలు, విమానయాన వైద్యంలో నిపుణురాలు. 1978 నుంచి 1981 దాకా వాయుసేనాధిపతిగా ఉన్న ఇద్రీస్ హసన్ లతీఫ్ హైదరాబాదు మనిషి. ఆ మూడేళ్లూ త్రివిధ దళాల సర్వసేనాధిపతి ఎవరు? రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి, మీ జిల్లా ఇల్లూరులో పుట్టినవారు. దీన్ని ఎవరూ పెద్దగా తలుచుకోరు గానీ నాకు భలే ఇష్టమైన సంగతి. ప్రాంతం అడ్డం కాదు. అడ్డమంటూ చెప్పుకోవాలంటే, శిఖరానికి వెళ్లే దారి ఎప్పటినుంచో యుద్ధ విమానాల పైలట్లకే ఎక్కువ అనుకూలంగా ఉంది. హెలికాప్టర్ పైలట్ ఒకరు తొలిసారి సేనాధిపతి కావడానికి 2007 దాకా పట్టింది. ఆయన ఫాలీ హోమీ మేజర్, సికింద్రాబాద్‌లో పుట్టినవారు.

మీ అబ్బాయికి నిజంగా అన్యాయం జరిగిందని అనిపిస్తే దానికి దారి ఉంది. 1950 నాటి వాయుసేన చట్టంలో 27వ సెక్షన్ కింద అధికారి ఫిర్యాదు చేసుకోవచ్చు. అక్కడా తేలకపోతే 2007 చట్టంతో ఏర్పడిన సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉంది. వెళ్లాలా వద్దా అన్నది అతనే తేల్చుకోవాలి. మీరు మాత్రం ఏ ఎంపీ దగ్గరికో వెళ్లి సిఫారసు లేఖ రాయించకండి. మీ ఉత్తరంలో ఆ మాట లేదు, కానీ అనంతపురంలో ఎవరో ఒకరు ఈపాటికి ఆ ఉపాయం చెప్పే ఉంటారు. సర్వీసు వ్యవహారాల్లో బయటి ఒత్తిడి తేవడం అక్కడ క్రమశిక్షణ తప్పడమే. ఆ లేఖ మీవాడి మెడకే చుట్టుకుంటుంది.

ఉద్యోగం మానేసే సంగతికి వద్దాం. ముందుగా, రాజీనామా అనే మాటను ఇంట్లో వాడకండి. 20 ఏళ్లు దాటిన అధికారి కోరుకునేది ముందస్తు పదవీ విరమణ. దానికి చివరి జీతంలో సగం పింఛను వస్తుంది. అయితే అడిగిన వెంటనే ఇచ్చేయరు. సర్వీసు అవసరాలను బట్టి తిరస్కరించవచ్చు, ఆలస్యం చేయవచ్చు. తనంతట తానుగా ముందే బయటికి వచ్చినవారిని 'ఒకే హోదా, ఒకే పింఛను' ప్రయోజనం నుంచి తప్పించే నిబంధన ఒకటి ఉంది. దాని మీద ట్రిబ్యునల్‌లో వ్యాజ్యాలు నడిచాయి. కాగితం పెట్టే ముందు అది ఈరోజు ఏ స్థితిలో ఉందో అతను తెలుసుకొని తీరాలి. తొందరలో పెట్టిన ఒక్క దరఖాస్తు మిగిలిన జీవితమంతటి పింఛను లెక్కను మార్చేయగలదు.

మూడింతల జీతం మాట విమానం నడిపేవారి గురించి. హెలికాప్టర్ లైసెన్సు వేరు, విమానం లైసెన్సు వేరు. మీవాడు మబ్బుల్లో, కొండల్లో ఎంత నేర్పుగా ఎగిరినా, పౌర విమానయాన శాఖ పరీక్షలు రాసి, సర్వీసులో ఎగిరిన గంటలను లెక్కలో చూపించి కొత్తగా లైసెన్సు తెచ్చుకోవాలి. హెలికాప్టర్లకే పరిమితమైతే సముద్రంలో చమురు రిగ్గులకు మనుషులను చేరవేసే సంస్థలు, చార్టర్ సంస్థలు ఉన్నాయి. మంచి పనులే, కానీ విమాన కంపెనీలంత విస్తారమైన మార్కెట్టు కాదు. పెద్ద విమానాలకు మారాలంటే సొంత డబ్బు, సమయం పెట్టి మళ్లీ శిక్షణ పొంది, నలభై దాటాక తనకంటే చిన్నవాడి పక్కన కో-పైలట్‌గా కూర్చోవాలి. దేని నుంచి పారిపోదామనుకున్నాడో అదే మళ్లీ ఎదురవుతుంది. అతను మానేయకూడదని అనడం లేదు. సర్వీసులో ఆగితే కాలపరిమితి గ్రూప్ కెప్టెన్‌గా 54 ఏళ్ల దాకా ఉండొచ్చు. ఆ వయసులో కొత్త పని మొదలుపెట్టడం కంటే నలభై మూడు, నలభై నాలుగులో మొదలుపెట్టడం మేలని చాలామంది అనుకుంటారు, అందులోనూ న్యాయం ఉంది. బయటికి వచ్చే అధికారుల కోసం రక్షణ శాఖ పునరావాస విభాగం ఐఐఎంలలో మేనేజ్‌మెంట్ కోర్సులు పెట్టిస్తుంది. పిల్లల చదువు, భార్య అభిప్రాయం, అప్పులు, ఇల్లు, ఇవన్నీ చల్లగా కూర్చుని వేసుకోవాల్సిన లెక్కలు. జాబితాలో పేరు రాని బాధలో వేసేవి కావు.

వింగ్ కమాండర్‌గానే సర్వీసు ముగించినవారిలో రాకేశ్ శర్మ ఒకరు. హైదరాబాదులో పెరిగి, నిజాం కాలేజీలో చదివి, 1984లో అంతరిక్షంలోకి వెళ్లిన మనిషి. 1987లో సర్వీసు వదిలి హిందుస్థాన్ ఏరోనాటిక్స్‌లో టెస్ట్ పైలట్‌గా చేరారు. గ్రూప్ కెప్టెన్ ఎందుకు కాలేదని ఆయన్ను ఏ పెళ్లిలోనూ ఎవరూ అడిగి ఉండరు.

మీవాడు చేసే పని మీకు ఎంతవరకు తెలుసో నాకు తెలియదు. 2021 నవంబరులో మీ చిత్రావతి పొంగినప్పుడు నది మధ్య చిక్కుకున్న 10 మందిని వాయుసేన ఎంఐ-17 హెలికాప్టర్ వచ్చి తీసుకెళ్లింది, మీకు గుర్తుండే ఉంటుంది. వాతావరణం పరమ అధ్వానంగా ఉంది ఆరోజు. అలాంటి పనిలో పైలట్‌కు తన కాళ్ల కింద ఉన్న మనిషి కనిపించడు. తలుపు దగ్గర పొట్ట మీద పడుకున్న సిబ్బంది ఒకరు కిందికి చూస్తూ "ఎడమకి రెండు మీటర్లు, ఆగు, ఇంకొంచెం వెనక్కి" అని ఇంటర్‌కంలో చెబుతుంటాడు. కింద నీరు పరుగెడుతుంటుంది కాబట్టి, దాన్ని చూస్తే హెలికాప్టరే జరుగుతున్నట్టు కన్ను మోసం చేస్తుంది. పైలట్ నీటిని వదిలేసి, ఒడ్డున కదలని ఒక చెట్టునో స్తంభాన్నో పట్టుకుని దాన్నే చూస్తూ, చెవిలో మాట వింటూ, చేతి వేళ్లతో యంత్రాన్ని గాలిలో నిలబెట్టాలి. రెక్కల గాలికి కింద మనుషులు కొట్టుకుపోకుండా ఎత్తు చూసుకోవాలి. ఒక్కొక్కరినీ పైకి లాగుతున్నంతసేపూ అలాగే. ఇది సాధారణంగా స్క్వాడ్రన్ లీడర్లూ వింగ్ కమాండర్లూ చేసే పని. పట్టీలు పెరిగేకొద్దీ ఎగరడం తగ్గి, బల్ల ముందు కూర్చోవడం పెరుగుతుంది. మీ బంధువుకు జవాబు కావాలంటే ఇదుగో: "అవునండీ, ఇంకా ఎగురుతున్నాడు."

ఇప్పుడు కొంచెం కటువైన మాట. పెద్దవారు, ఏమీ అనుకోకండి. మీ ఉత్తరం ఇక్కడ కుదించి వేశాం. అసలు ఉత్తరంలో పెళ్లిలో జరిగినదానికి పేజీకి పైగా ఉంది. మీ అబ్బాయి ఎలా ఉన్నాడని కోడలు చెప్పింది మాత్రం ఒక్క వాక్యం. ఆర్ట్స్ కాలేజీ మైదానంలో పొద్దున్నే నడిచే మిత్రులందరికీ మీవాడి ప్రతి పదోన్నతీ మీరే చెప్పుకున్నారని కూడా రాశారు. గర్వపడటంలో తప్పు లేదు. కాకపోతే ఫోనులో వేరుశనగ గురించి మాత్రమే అడిగే కొడుకు మౌనానికి కారణం అక్కడే ఉందేమో చూడండి. తన బాధ సంగతి ఎలాగోలా చూసుకుంటాడు. నాన్న ఊళ్లో ఎలా తలెత్తుకుంటాడన్న దిగులు దాని మీద బరువు. ఆ బరువు దించగలిగింది మీరొక్కరే.

ఇంకొకటి. మీ ఉత్తరంలో రెండు సంగతులు కలిసిపోయాయి. అబ్బాయికి దక్కని పదోన్నతి ఒకటి. మీ ఇద్దరికీ వయసు మీద పడటం, ఆవిడ మోకాళ్లు, పెద్ద ఇంట్లో ఇద్దరే ఉండటం రెండోది. వాడు దగ్గరుండాలని మీకు ఉంది. ఉండాల్సిందే, అది అడగడానికి మీకు హక్కు ఉంది. కానీ దాన్ని అడగడానికి ఈ పదోన్నతిని సాకుగా వాడకండి. "నీకు అక్కడ విలువ లేదు, వచ్చేయ్" అనడం వేరు, "మాకు నువ్వు కావాలి" అనడం వేరు. మొదటిది విని వచ్చినవాడు మీ ఇంట్లో ఓడిపోయిన మనిషిగా బతుకుతాడు.

రెండోది అడిగితే, ఉద్యోగం మానకుండానే చేయగలిగినవి ఉన్నాయి. అనంతపురం హైదరాబాదు, బెంగళూరుల మధ్య జాతీయ రహదారి 44 మీద ఉంది. బెంగళూరుకు ఇవతలే యలహంక వాయుసేన కేంద్రం, అక్కడి నుంచి మీ ఇంటికి కారులో నాలుగు గంటల లోపే. అటువైపు హైదరాబాదు దగ్గర హకీంపేటలో హెలికాప్టర్ శిక్షణ పాఠశాల ఉంది. తల్లిదండ్రుల ఆరోగ్యం చూపించి దగ్గరి స్టేషన్‌కు పోస్టింగ్ అడగవచ్చు. అడిగినవారందరికీ ఇవ్వరు, కానీ చాలా ఏళ్లు దూరాన పనిచేసిన అధికారి మాటను కొట్టిపారేయరు కూడా. వైద్యుల కాగితాలు జాగ్రత్తగా పెట్టండి, దరఖాస్తుకు అవే ఆధారం.

అతనితో మాట్లాడే విషయం. ముందు కోడలిని అడగండి, మీకు తెలిసినట్టు చెబితే ఆమెకు ఇబ్బందా అని. ఆమె సరేనంటే ఫోనులో రెండే మాటలు: "జాబితా సంగతి తెలిసిందిరా. నాకూ అమ్మకూ దాంతో పనిలేదు, నువ్వెలా ఉన్నావో చెప్పు." అతను ఏమీ చెప్పకపోతే వదిలేయండి. వేరుశనగ గురించే మాట్లాడండి. ఊడలు దిగాయా, కాయ పట్టిందా, పురుగు పడిందా అన్నీ వివరంగా చెప్పండి, వినడానికే అడుగుతున్నాడు.

ఆపరేషన్ తేదీ డాక్టరు దగ్గర ఖరారు చేసే ముందు మీ అబ్బాయికి ఫోను చేయండి. అధికారులకు ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 20 రోజుల క్యాజువల్ సెలవు ఉంటాయి, కానీ కోరిన తేదీల్లో దొరకాలంటే ముందుగా చెప్పుకోవాలి. మోకాలి ఆపరేషన్ అయ్యాక మొదటి కొన్ని వారాలు మంచం దిగడానికి, బాత్రూముకు వెళ్లడానికి, రోజూ వ్యాయామం చేయించడానికి బలమైన మనిషి పక్కన ఉండాలి. 72 ఏళ్ల మీ వల్ల కాదు. ఏ నెలలో రాగలడో అతన్నే చెప్పమనండి.